త్యాగరాయనగరమున కాంతి వార్తావహనము: ఈథర్నెట్టు మాడ్యూళ్ల చరిత్ర, ఎంపిక, వినియోగము

చెన్నపురి చరిత్రమున తెలుగువారి పాలు ఎంత యని విచారించునప్పుడు పండితులు సాధారణముగా కోటను, కోవెలలను, ముద్రణాలయములను, పత్రికలను, నాటక సమాజములను పేర్కొందురు. వీధుల క్రింద పరచిన తీగెల ప్రసక్తి అంతగా రాదు. ఐనను ఒక నగరమున వార్త యెట్లు ప్రయాణము చేసినది, అందులకు ఎవ్వరు ఎట్టి సాధనమును ఎన్నుకొనిరి, ఆ ఎంపికవలన ఎవ్వరికి మేలు కలిగినది యనునదియు చరిత్రలోని భాగమే. నేడు ఆ వార్త కాంతిరూపమున గాజుతీగెలలో పోవుచున్నది. ఆ తీగెకే వాడుకలో ఫైబరు అని పేరు. దాని రెండు కొనల యందును బొటనవ్రేలంత లోహపు పెట్టెలు అమరియుండును. విద్యుత్తును కాంతిగను, కాంతిని విద్యుత్తుగను మార్చు ఈ పెట్టెలనే ఆప్టికల్ మాడ్యూళ్లందురు.

నేలలోని ఫైబరు చిరకాలము నిలుచును. కొనల యందలి మాడ్యూలు కాలానుగుణముగా మారుచుండును. కావున ఒక సంస్థకు కలుగు వేగమును, వ్యయమును, విశ్వాసమును నిర్ణయించునది మాడ్యూలు నెంచుకొను వివేకమే. త్యాగరాయనగరము నాధారముగా గొని ఈ విషయమును నిరూపించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. చెరువునుండి పేట

నేడు త్యాగరాయనగరమున్న తావున పూర్వమొక పెద్ద చెరువుండెడిది. నుంగంబాకము దిక్కునుండి సైదాపేటవైపు పొడవుగా సాగుటచే ఆంగ్లేయులు దానిని లాంగ్ టాంక్, అనగా పొడుగు చెరువు, అనిరి. 1920 నాటి మదరాసు నగర నిర్మాణ చట్టము వెలువడిన పిదప, జస్టిస్ పార్టీ ప్రభుత్వ కాలమున, 1923–25 సంవత్సరముల నడుమ ఆ నేలను మెరకచేసి క్రొత్త పేటను నిర్మించిరి. నాటి ప్రథమామాత్యుడు పానగల్ రాజా పానుగంటి రామారాయణింగారు. క్రొత్త పేటకు పెట్టిన పేరు సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారిది. తెలుగు దేవాంగ కుటుంబమున 1852లో జన్మించి 1925లో దివంగతులైన త్యాగరాయ చెట్టిగారు చేనేత పరిశ్రమను పోషించినవారు; 1916లో జస్టిస్ పార్టీకి మూలమైన సంస్థను స్థాపించినవారిలో ఒకరు; మదరాసు కార్పొరేషనుకు అధ్యక్షులుగా నుండినవారు. పేట నడుమ వెలసిన ఉద్యానమునకు పానగల్ రాజా పేరును, ఒక పెద్ద వీధికి గోపతి నారాయణస్వామి చెట్టిగారి పేరును నిలిచినవి. తమిళుల వ్యవహారమున తి. నగర్, ఆంగ్లమున టి. నగర్ అయినను, ఆ ఒంటి అక్షరము వెనుక నున్నది ఒక తెలుగు పెద్ద నామమే.

ఈ పేట చరిత్రమునందు గమనింపదగిన విషయములు రెండు కలవు. మొదటిది, వీధుల శాశ్వతత్వము. నూరేండ్లలో ఇండ్లు ఎన్నియో మారినవి. పెంకుటింటి స్థానమున మిద్దె, మిద్దె స్థానమున బహుళాంతస్తుల భవనము, తోటయున్న తావున బట్టల కొట్టు వెలసినవి. పానగల్ పార్కు చుట్టును నాడు గీచిన వీధుల కూర్పు మాత్రము ముఖ్య రేఖలలో నేటికిని ఉన్నది. తొలుత వీధి వేసినవారి దూరదృష్టి తరువాతి తరములవారి యిండ్లన్నిటికిని ఆధారమయ్యెను. ఫైబరునకును మాడ్యూలునకును గల సంబంధము ఇట్టిదే.

రెండవది, కొలతల పొందిక. 1931లో బీచి స్టేషనునుండి మాంబలము మీదుగా తాంబరమునకు విద్యుత్తు రైళ్లు నడవనారంభించినవి. అది మీటరు గేజి మార్గము. చెన్నపురి సెంట్రలు స్టేషనునుండి బెజవాడ పోవునది బ్రాడ్ గేజి మార్గము. పట్టాల నడుమ వెడల్పు వేరగుటచే ఒక మార్గపు బండి రెండవ మార్గమున నడవ వీలులేదు. ప్రయాణికులును, సరకులును దిగి మారవలసినదే. మాంబలము మార్గము పూర్తిగా బ్రాడ్ గేజికి మారుటకు 2004 వరకు పట్టెను. కొలతలు ముందుగా కుదుర్చుకొననిచో కలుగు శ్రమ యెంతటిదో ఈ పేటవారు కన్నులార చూచినారు. మాడ్యూళ్ల చరిత్రమంతయు ఇట్టి కొలతలు కుదుర్చుకొనిన చరిత్రయే.

2. తంతినుండి కాంతికి

భారతదేశమున తంతి వార్తల ప్రయోగము 1839లో కలకత్తాలో ఓషానెస్సీ చేసెను. 1854 నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మదరాసు నగరములు తంతితో కలుపబడెను. 1855లో ఆ సౌకర్యము ప్రజల వాడుకకు వచ్చెను. 1871లో మదరాసునుండి పెనాంగు మీదుగా సింగపూరునకు సముద్రగర్భపు తంతి సాగెను. 1882లో మదరాసున టెలిఫోను ఎక్స్ఛేంజి వెలసెను. ఇవి యన్నియు లోహపు తీగెలపై విద్యుత్తును నడపిన విధానములు. నూటయేబది యేండ్లకు మించి సేవచేసిన తంతి వార్త 2013 జులైలో ఈ దేశమున ముగిసినది.

వెలుగుచే మాటను పంపు యత్నమును టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్లు 1880లోనే చేసెను. సూర్యకాంతిని అద్దముపై పడనిచ్చి, మాటకు ఆ అద్దము కంపించునట్లు చేసి, దూరముననున్న గ్రాహకమున ఆ మాటను వినెను. కాని మబ్బు పట్టినను, మంచు కమ్మినను ఆ మాట ఆగిపోవుచుండెను. కాంతికి ఒక మూసిన బాట కావలసియుండెను. గాజు లోపల కాంతి సంపూర్ణాంతర పరావర్తనముచే వంపులలోను వెడలిపోవక సాగునని శాస్త్రజ్ఞులకు తెలియును. ఐనను నాటి గాజులో కొద్ది దూరముననే కాంతి క్షీణించుచుండెను. 1966లో చార్లెస్ కావో, జార్జి హాకమ్ అనువారు ఆ దోషము గాజునకు సహజము కాదనియు, అందలి మాలిన్యములవలన కలుగుచున్నదనియు ప్రకటించిరి. కిలోమీటరునకు 20 డెసిబెళ్లకు మించని నష్టముగల గాజు లభించినచో వార్తావహనమునకు చాలునని వారు సూచించిరి. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ శాస్త్రజ్ఞులు దానిని సాధించిరి. ఆ సంవత్సరమే సాధారణ ఉష్ణోగ్రతయందు ఎడతెగక వెలుగు అర్ధవాహక లేజరు రూపొందెను. 2009లో కావోకు నోబెల్ బహుమానము లభించినది.

20 డెసిబెళ్ల నష్టమనగా నూరింట ఒక పాలు మిగులుట. నాడు ఒక కిలోమీటరు గడచునప్పటికి మిగిలిన ఆ నూరవ పాలు, నేటి ఫైబరులో 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమువద్ద సుమారు నూరు కిలోమీటర్లు గడచిన పిదప మిగులును. నష్టము కిలోమీటరునకు 0.2 డెసిబెలు వరకు తగ్గుటయే ఇందులకు కారణము.

భారతదేశమున మొదటి ఫైబరు మార్గము 1979లో పుణె నగరమున టెలిఫోను ఎక్స్ఛేంజిల నడుమ ఏర్పడెను. 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్టు వాడుక ఆరంభమైన నగరములలో మదరాసు ఒకటి. 2002లో చెన్నపురినుండి సింగపూరునకు ఐ2ఐ అను ఫైబరు కేబులు సుమారు 3,200 కిలోమీటర్లు సముద్రగర్భమున సాగినది. 1871 నాటి తంతి చేరిన సింగపూరునకే నూటముప్పది యేండ్ల పిదప కాంతియు చేరినది. 2005లో ఫ్రాన్సునుండి సింగపూరు వరకు వేసిన సీ-మీ-వీ-4 కేబులునకు చెన్నపురి ఒక మజిలీ అయ్యెను. 2020 ఆగస్టు 10న చెన్నపురిని అండమాను నికోబారు దీవులతో కలుపు సుమారు 2,300 కిలోమీటర్ల కేబులు ప్రారంభింపబడెను. ఇట్లు చెన్నపురి తూర్పు సముద్రపు కాంతిమార్గములకు ప్రధాన ద్వారమైనది. ఐనను ద్వారము చేరిన కాంతి వీధి దాటి, మేడ యెక్కి, ఒక గదిలోని యంత్రమును చేరవలయును. ఆ తుది ప్రయాణమునకు ఆధారము ఈథర్నెట్టు.

3. ఈథర్నెట్టు, మాడ్యూలు అవతరణము

1973 మే 22న అమెరికాలోని జిరాక్స్ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్కాఫ్ ఒక కార్యాలయములోని కంప్యూటర్లను ఒకే తీగెపై కలుపు విధానమును వ్రాసి చూపెను. దానికి ఈథర్నెట్టు అని పేరిడెను. తొలి వేగము క్షణమునకు 2.94 మెగాబిట్లు. 1980లో మూడు సంస్థలు కలిసి 10 మెగాబిట్ల ఉమ్మడి విధానమును ప్రకటించెను; 1983లో అది అంతర్జాతీయ ఇంజనీర్ల సంఘమగు ఐఈఈఈ వారి ప్రమాణమయ్యెను. 1995లో వేగము 100 మెగాబిట్లకు, 1998లో 1 గిగాబిట్టునకు, 2002లో 10 గిగాబిట్లకు, 2010లో 40, 100 గిగాబిట్లకు, 2017లో 200, 400 గిగాబిట్లకు, 2024లో 800 గిగాబిట్లకు పెరిగినది. ఒక గిగాబిట్టనగా నూరుకోట్ల బిట్లు.

వేగము పెరిగిన కొలది రాగితీగెపై వార్త నిలుచు దూరము తగ్గిపోవును. కావున కాంతి అవసరమయ్యెను. మొదట లేజరును, గ్రాహకమును స్విచ్చి యంత్రములోనే బిగించి అమ్మెడివారు. దూరము మారినచో, లేజరు చెడినచో యంత్రమంతయు మార్చవలసి వచ్చెడిది. ఈ చిక్కును తీర్చుటకై 1990 దశకము నడిమి కాలమున పోటీదారులైన తయారీదారులే కలిసి, యంత్రము పనిచేయుచుండగనే పెరికి మరల గ్రుచ్చ వీలగు పెట్టె కొలతలను ఒప్పుకొనిరి. దాని పేరు జీబిక్. 2000 ప్రాంతమున దానిలో సగము పరిమాణముగల ఎస్ఎఫ్‌పి వచ్చినది. పదునాలుగేండ్ల బాలుడు సయితము వ్రేళ్లతో పట్టి గ్రుచ్చగలంత చిన్నది యిది. 10 గిగాబిట్లకు మొదట జెన్‌పాక్, ఎక్స్ఎఫ్‌పి మొదలగు పెద్ద పెట్టెలుండెను. 2006లో ఎస్ఎఫ్‌పి కొలతలోనే ఇముడు ఎస్ఎఫ్‌పి ప్లస్ కొలతలు ప్రకటింపబడెను. నాలుగు దారులను ఒక్క పెట్టెలో చేర్చినది క్యూఎస్ఎఫ్‌పి. దారి యొక్కటికి 10 గిగాబిట్లైనచో మొత్తము 40; 25 ఐనచో మొత్తము 100. ఎనిమిది దారులుగల క్యూఎస్ఎఫ్‌పి-డీడీ, ఓఎస్ఎఫ్‌పి అను రూపములు 400 గిగాబిట్లకును, ఆపై వేగములకును ఏర్పడినవి.

ఈ ఒప్పందములను చేసికొనినవారు ప్రభుత్వములు కావు. ఒకరి సరకును ఒకరు ఓడింప యత్నించు వర్తకులు. పెట్టె వెలుపలి కొలత ఒక్కటిగా నుండవలెననియు, లోపలి పనితనమునందే పోటీ పడవలెననియు వారు అంగీకరించిరి. రైలు మార్గములవారు ఏడుపదులేండ్లు కుదుర్చుకొనలేని పొందికను వీరు పట్టుమని పదియేండ్లలో సాధించిరి. కొనువారికి దీనివలన ఒకే వస్తువును పలువురివద్ద బేరమాడు స్వాతంత్ర్యము లభించినది.

4. ఎంపికకు ఆధారములు

మాడ్యూలు నెంచుకొనువారు మొదట విచారింపవలసినది దూరమును, నేలలోని ఫైబరు జాతిని. ఫైబరు రెండు జాతులు. మల్టీమోడు ఫైబరులో కాంతి నడచు గర్భము 50 లేక 62.5 మైక్రాన్లు, సింగిల్‌మోడు ఫైబరులో సుమారు 9 మైక్రాన్లు మాత్రమే. మొదటిదానిలో కాంతి పెక్కు త్రోవల పోవుటచే ఒకే క్షణమున బయలుదేరిన కిరణములు వేర్వేరు క్షణములకు చేరి వార్త చెదరిపోవును. కావున అది ఒక భవనములోపలి కొద్ది దూరములకే తగును. సాధారణముగా సింగిల్‌మోడు తీగె తొడుగు పసుపుపచ్చగను, నేటి మల్టీమోడు తీగె తొడుగు లేత నీలిపచ్చగను, పాత మల్టీమోడు తీగె తొడుగు నారింజ వన్నెగను ఉండును.

1 గిగాబిట్టు మాడ్యూళ్లలో ఎస్ఎక్స్ జాతి 850 నానోమీటర్ల కాంతితో 50 మైక్రాన్ల మల్టీమోడుపై 550 మీటర్లు పోవును. ఎల్ఎక్స్ జాతి 1310 నానోమీటర్ల కాంతితో సింగిల్‌మోడుపై ప్రమాణము ప్రకారము 5 కిలోమీటర్లు పోవును. అంగడిలోనివి పెక్కు 10 కిలోమీటర్లకు చేయబడినవి. 10 గిగాబిట్లలో ఎస్ఆర్ జాతి ఓఎం3 అను మల్టీమోడుపై 300 మీటర్లు, ఎల్ఆర్ సింగిల్‌మోడుపై 10 కిలోమీటర్లు, ఈఆర్ 40 కిలోమీటర్లు పోవును. 100 గిగాబిట్లలో ఎస్ఆర్4 అదే ఓఎం3 పై 70 మీటర్లకే పరిమితము. ఎల్ఆర్4 సింగిల్‌మోడుపై 10 కిలోమీటర్లు పోవును. ఈ అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక సత్యము తేలును. వేగము పెరిగినకొలది మల్టీమోడు హద్దు 550 నుండి 300 కును, 300 నుండి 70 కిని కుంచించుకొనిపోయినది. సింగిల్‌మోడు హద్దు మాత్రము 10 కిలోమీటర్లవద్ద నిలిచియున్నది. ఈ ఫైబరునకు అంతర్జాతీయ ప్రమాణము 1984లో ఏర్పడెను. ఆ జాతి ఫైబరు నేటి వేగములను సయితము మోయుచున్నది. క్రొత్తగా తీగె వేయువారు మాడ్యూలు వెల కొంచెము తక్కువయని మల్టీమోడును వేసినచో, తరువాతి తరమువారు గోడలను మరల త్రవ్వవలసివచ్చును.

ఒకే బీరువాలో ఒకదాని ప్రక్కన ఒకటి యున్న యంత్రములకు, మూడు మీటర్ల లోపున, రెండు కొనల యందును మాడ్యూలు ఆకారము గల రాగి కేబులు చాలును. అచట కాంతికై వ్యయపడుట అనవసరము.

రెండవ విచారము నష్టగణన. వీధులలో దూరమును పక్షి యెగిరిన దారిగా కొలువరాదు. తీగె నడచిన దారిగా కొలువవలయును. త్యాగరాయనగరములోని ఒక కార్యాలయమునుండి మరియొక పేటలోని శాఖకు వీధుల వెంట తీగె 8 కిలోమీటర్లున్నదని యనుకొందము. 1310 నానోమీటర్లవద్ద కిలోమీటరునకు 0.35 చొప్పున 2.8 డెసిబెళ్లు, రెండు కనెక్టర్లకు 0.5 చొప్పున 1.0, నాలుగు అతుకులకు 0.1 చొప్పున 0.4, మొత్తము 4.2 డెసిబెళ్లు. 10 గిగాబిట్ల ఎల్ఆర్ మాడ్యూలునకు ప్రమాణము అనుమతించు మార్గనష్టము 6.2 డెసిబెళ్లు. మిగులు 2.0. ఇది చాలినదే. కాని ముందు ముందు త్రవ్వకములలో తీగె తెగి అతుకులు పెరిగినచో ఈ మిగులే కాపాడవలయును. పానగల్ పార్కువద్ద మెట్రో రైలు భూగర్భ మార్గమునకై త్రవ్వకములు జరిగిన పేటలో ఇట్టి ముందుచూపు అతిశయము కాదు.

దూరమెక్కువ పోవు మాడ్యూలు ఎచ్చటనైనను మేలని కొందరు తలతురు. ఇది పొరపాటు. 10 గిగాబిట్ల ఈఆర్ మాడ్యూలు వెడలజేయు కాంతి +4 డెసిబెల్-మిల్లీవాట్ల వరకు నుండవచ్చును. దాని గ్రాహకము ఓర్చుకొనగలది −1 మాత్రమే. కొద్ది మీటర్ల తీగెతో రెండు ఈఆర్ మాడ్యూళ్లను కలిపినచో గ్రాహకము దెబ్బతినవచ్చును. అట్టియెడ కాంతిని తగ్గించు అటెన్యుయేటరును నడుమ నుంచవలయును. చెవియొద్ద కేకవేసినచో మాట స్పష్టముగా వినబడదు గదా.

మూడవది ఇరుకొనల సామ్యము. రెండు కొనల మాడ్యూళ్ల వేగమును, తరంగదైర్ఘ్యమును, ఫైబరు జాతియు సరిపోవలయును. ఒకే తీగెపై రాకపోకలు రెంటిని నడపు బైడీ మాడ్యూళ్లలో ఒక కొన 1310 నానోమీటర్ల కాంతిని పంపి 1490 ని గ్రహించును. రెండవ కొన దీనికి విపర్యయము. ఒకే రకమువి రెండు కొన్నచో అవి యెన్నటికిని మాటలాడుకొనవు. 100 గిగాబిట్ల ఎస్ఆర్4 జాతికి దోషసవరణ విధానము ఇరువైపుల యంత్రములలోను అమరియుండవలయును. ఎల్ఆర్4 జాతికి ప్రమాణము దానిని కోరదు. కనెక్టర్లలో నీలివన్నె యూపీసీని ఆకుపచ్చ ఏపీసీతో కలుపరాదు. వాని మొనల కోణములు వేరు.

నాలుగవది మాడ్యూలులోని గుర్తింపు సంకేతము. ప్రతి మాడ్యూలులోను తయారీదారు పేరు, రకము, వరుససంఖ్య వ్రాసిన చిన్న జ్ఞాపకపేటిక యుండును. స్విచ్చి దానిని చదువును. కొందరు స్విచ్చి తయారీదారులు తమ సంకేతము లేని మాడ్యూలును అంగీకరింపని ఏర్పాటు చేయుదురు. కొలతలు ఉమ్మడివైనను తలుపునకు తాళము వేరుగా బిగించుట వంటిది యిది. కావున స్విచ్చిని కొనుటకు ముందే, ఇతరుల మాడ్యూళ్లు అందు పనిచేయునా, పనిచేయనిచో మరమ్మతు హామీకి భంగము కలుగునా యని వ్రాతమూలముగా అడిగి తెలిసికొనుట ఉత్తమము. ఈ ప్రశ్న వేయని సంస్థ మొదట స్విచ్చిపై మిగిల్చిన ధనమును తరువాత మాడ్యూళ్లపై పోగొట్టుకొనును.

5. చెన్నపురి ఎండ, వాన, ధూళి

పుస్తకములోని ప్రమాణము ఎల్ల దేశములకు నొకటే, వాతావరణము వేరు. సాధారణ మాడ్యూలు 0 నుండి 70 డిగ్రీల ఉష్ణోగ్రత వరకు, పారిశ్రామిక జాతి −40 నుండి 85 డిగ్రీల వరకు పనిచేయునట్లు నిర్మింపబడును. ఇవి మాడ్యూలు ఒంటివేడికి చెప్పిన అంకెలు గాని బయటి గాలికి చెప్పినవి కావు. కత్తిరి ఎండలలో చెన్నపురిలో గాలియే 40 డిగ్రీలు దాటును. వీధిలోని మూసిన ఇనుప పెట్టెలో అది ఇంకను పెరుగును. 1 గిగాబిట్టు మాడ్యూలు సుమారు ఒక వాటు విద్యుత్తును మాత్రమే వాడును. 400 గిగాబిట్లది పండ్రెండు వాట్ల ప్రాంతమున వాడును. ముప్పదిరెండు అట్టి మాడ్యూళ్లున్న స్విచ్చిలో మాడ్యూళ్ల వేడియే దాదాపు నాలుగువందల వాట్లగును. చల్లదనము కల్పింపలేని గదిలో వేగమును కొనుట వ్యర్థము.

వాన విషయమున ఈ పేట చరిత్రయే హెచ్చరిక. చెరువు పూడినను నేల పల్లము మారలేదు. 2015 డిసెంబరు వరదలలోను, 2021 నవంబరు వానలలోను త్యాగరాయనగరపు వీధులు నీట మునిగినవి. రాగితీగె కీళ్లలోనికి నీరు చేరినచో వార్త వెంటనే చెడును. గాజులోని కాంతిని నీరు అట్లు ఆర్పదు. ఐనను మాడ్యూలును, దానికి విద్యుత్తు నిచ్చు యంత్రమును నేలమాళిగలో నుంచినచో గాజు గొప్పతనము ఎందులకును కొరగాదు. తీగె భూమిలో నున్నను దాని కొన మేడపై నుండవలయును. 1923లో ఇది చెరువని యెరిగిన యే గృహస్థుడైనను ఈ మాట చెప్పగలడు.

మూడవ శత్రువు ధూళి. మనుష్యుని తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. కాంతి నడచు గర్భము 9. కంటికి కనబడని ధూళికణ మొక్కటి కనెక్టరు మొనపై కూర్చున్నచో బాట మూసికొనిపోవును. కావున మాడ్యూలు నోటి మూతను చివరి నిమిషము వరకు తీయరాదు. కలుపుటకు ముందు ప్రతిసారియు తగిన సాధనముతో తుడువవలయును. 1310, 1550 నానోమీటర్ల కాంతి కంటికి కనబడదు. వెలుగుచున్నదా యని తీగె కొనను కంటి కెదురుగా పెట్టి చూచుట ప్రమాదకరము. నేటి మాడ్యూళ్లు పెక్కు తాము పంపు కాంతిని, గ్రహించు కాంతిని, తమ వేడిని తామే కొలిచి చెప్పును. నెలకొకసారి ఆ అంకెలను పుస్తకమున వ్రాసియుంచినచో, మార్గము చెడకముందే దాని బలహీనత తెలియును.

6. పొరుగు తెలుగునాట

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు మదరాసు దానిలో చేరలేదు. ఇచ్చటి తెలుగువారికి నాటినుండి గ్రంథములు, పత్రికలు, పాఠ్యపుస్తకములు పొరుగునుండి రావలసినవైనవి. ఆ రాక నేడు కొంత రైలుపైనను, కొంత కాంతిపైనను సాగుచున్నది.

చెన్నపురినుండి విజయవాడకు రైలు మార్గము సుమారు 430 కిలోమీటర్లు. తీగె అంతే దూరమున్నదని యనుకొన్నచో, 0.2 చొప్పున నష్టము 86 డెసిబెళ్లు. దానిని ఏ ఒక్క మాడ్యూలును దాటలేదు. 1987లో ఎర్బియమను ధాతువు కలిపిన ఫైబరుతో కాంతిని కాంతిగనే బలపరచు విధానము కనుగొనబడెను. ఆ బలవర్ధకములను దారి పొడవున సుమారు 80 కిలోమీటర్లకొకటి చొప్పున అమర్తురు. ఒక్క తీగెలో వేర్వేరు తరంగదైర్ఘ్యములను పదులకొలది నడపుదురు. గాజులో కాంతివేగము క్షణమునకు రెండు లక్షల కిలోమీటర్లు గనుక విజయవాడ వార్త చెన్నపురి చేరుటకు పట్టు కాలము క్షణములో వేయింట రెండు పాళ్లకు కొంచెము పైన. ఇంత దూరపు మార్గము పెద్ద సంస్థల పని. చిన్న సంస్థ దానిని అద్దెకు గైకొనును. తన గదిలోని కొనను మాత్రము తానే ఎంచుకొనవలయును.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చేపట్టిన ఫైబర్‌నెట్ పథకమును 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిరి. నేల త్రవ్వక, విద్యుత్ స్తంభములపైననే ఇరువదివేల కిలోమీటర్లకు మించి తీగె లాగుట దాని విశేషము. నాడు నెలకు 149 రూపాయలకు 15 మెగాబిట్ల వేగముతో ఇండ్లకు సంబంధము నిచ్చిరి. అందలి జీపాన్ విధానమున ఒకే తీగెలో ఇంటివైపు 1490, ఇంటినుండి 1310 నానోమీటర్ల కాంతి పోవును. ఒక మాడ్యూలు వెలుగును పెక్కు ఇండ్లకు పంచుదురు. త్రవ్వు ఖర్చు తగ్గినది. గాలివానకు స్తంభము కూలినచో తీగెయు కూలు భయము మిగిలినది. స్థలమునకు తగిన సాధనము నెంచుకొనునప్పుడు ఒక సౌకర్యమునకు ఒక వెల చెల్లింపవలసియుండునని ఈ ఉదాహరణము తెలుపును.

7. చిన్న సంస్థల కర్తవ్యము

పెద్ద డేటా కేంద్రములకు ఇంజనీర్లు కలరు. పాఠశాలలకు, గ్రంథాలయములకు, సాంస్కృతిక సమాజములకు అట్టివారుండరు. వారి ధనము చందాలవలన కూడినది. వారికే లెక్క ముఖ్యము. మూడువందల పుటల ప్రాచీన గ్రంథమును ఛాయాచిత్రములుగా తీసి భద్రపరచినచో 50 మెగాబైట్లు, అనగా 400 మెగాబిట్లు, అగునని యనుకొందము. 1 గిగాబిట్టు మార్గమున అది అర క్షణము లోపల పోవును. 10 గిగాబిట్లలో దానిలో పదవ వంతు కాలమున పోవును. ఒక్క చదువరికి ఈ భేదము తెలియనే తెలియదు. నలుబదిమంది విద్యార్థులు ఒకేసారి కోరినచో 1 గిగాబిట్టున 16 క్షణములు, 10 గిగాబిట్ల 1.6 క్షణములు పట్టును. అప్పుడు భేదము తెలియును. కాని గ్రంథములు వెలుపలినుండి రావలసియుండి, వెలుపలి మార్గము 100 మెగాబిట్లదే యైనచో, లోపల 10 గిగాబిట్ల మాడ్యూళ్లు బిగించినను ఆ నలుబదిమంది 160 క్షణములు వేచియుండవలసినదే. తూము చిన్నదైనచో కాలువను వెడల్పుచేసి ప్రయోజనము లేదు.

కావున ఇట్టి సంస్థలు అనుసరింపదగిన క్రమమిది. గోడలలోను, అంతస్తుల నడుమను సింగిల్‌మోడు తీగెను, అవసరమునకు మించి రెండు మూడు జతలు అధికముగా, ఒక్కసారియే వేయింపవలయును. నేటి యవసరమునకు చాలు 1 గిగాబిట్టు మాడ్యూళ్లను కొనవలయును. స్విచ్చి మాత్రము పై వేగపు మాడ్యూలును గైకొను ద్వారములు కొన్ని కలదై, ఇతర తయారీదారుల మాడ్యూళ్లను అంగీకరించునదై యుండవలయును. ఎస్ఎఫ్‌పి ప్లస్ ద్వారమున 1 గిగాబిట్టు ఎస్ఎఫ్‌పి పెక్కు స్విచ్చిలలో పనిచేయును. ఎస్ఎఫ్‌పి ద్వారమున 10 గిగాబిట్లది పనిచేయదు. ప్రతి రకమునకు ఒక మాడ్యూలును అదనముగా మూత వేసి దాచియుంచవలయును. యంత్రములను మేడపై, గాలి యాడు గదిలో నుంచవలయును. ఏ తీగె ఎచ్చటనుండి యెచ్చటికి పోవుచున్నదో వ్రాసిన పటమును కార్యదర్శులు మారినను మారని తావున భద్రపరుపవలయును. ఆ పటము లేనిచో పదియేండ్ల పిదప వచ్చువారు ఉన్న తీగెను ఎరుగక క్రొత్త తీగెకై చందాలు పోగుచేయుదురు.

మాడ్యూళ్లు ఇంకను మారును. 2024లో వెలువడిన 800 గిగాబిట్ల ప్రమాణము తుది మెట్టు కాదు. నేడు కొన్నది పదియేండ్లకు పాతదగును. దానిని పెరికి క్రొత్తదానిని గ్రుచ్చుదురు. తీగె మాత్రము అచ్చటనే యుండును. త్యాగరాయనగరమున తెలుగు సంస్థలు తమ భవనములను మరమ్మతు చేయునపుడు, పాత పుస్తకములను యంత్రములలో భద్రపరుప దలచినపుడు, మొదట తీగెను సక్రమముగా వేసి, పిదప మాడ్యూలును లెక్కచూచి కొన్నచో, తరువాతి తరమువారికి మాడ్యూలు ఖర్చు తప్ప వేరు భారముండదు.